దర్బారు తెరకు బరోక్ ప్యాలెస్ ఎన్‌గ్రేవింగులు: ఆ దర్పం ఎక్కడినుంచి వస్తది?

రంగుల డబ్బా (హనుమకొండ):

అందరికి నమస్తే. పద్యనాటకానికి దర్బారు తెర ఒకటి గీయాలె. గుడ్డ 24 అడుగుల వెడల్పు, 14 అడుగుల ఎత్తు. తెరకు ముందు నడుమల సింహాసనం ఉంటది. నాటకంల రాజుది ఫలానా వంశమని లేదు. పెద్ద మహలు కనపడాలె, తెర లేవంగనే జనం సర్దుకొని కూసోవాలె, గంతే అన్నరు ట్రూపోళ్లు.

నమూనాకు బరోక్ కాలం (యూరోపుల 17, 18 శతాబ్దాలు) ఎన్‌గ్రేవింగులు, అంటే రాగి రేకు మీద గీసి అచ్చేసిన బొమ్మలు, ముందర పెట్టుకున్న. ఒకటి, ఫ్రాన్స్ రాజు మహలు వెర్సాయ్ ముందరి వాకిళ్లను పెరెల్ గీసిన షీటు. రెండోది, జుజెప్పె గల్లి బిబియెనా 1740 సంవత్సరంల ఆగ్స్‌బర్గ్‌ల అచ్చేయించిన నాటకం తెరల డిజైన్లల్ల ఒక మూల దృశ్యం (మహలు మూల మన దిక్కు తిరిగినట్టు గీసింది). అడుగుకు అర అంగుళం లెక్కన ముసాయిదా గీసిన. స్తంభాలు, కమానులు, దీపాల గుత్తులు అన్నీ ఉన్నయి. అయినా ఫంక్షన్ హాలు లెక్క కనపడుతుంది గని రాజ్యం నడిచే జాగ లెక్క లేదు. కంటి గీత (చూసేటోని కన్ను ఉన్నదనుకునే ఎత్తు) తెరకు సగం ఎత్తుల, 7 అడుగుల కాడ ఉంది. నేల మీదికి లేస్తున్నట్టు అనిపిస్తుంది. వెనుక గోడకు ఐదు స్తంభాలు. నగిషీ అన్ని దిక్కుల ఒక్క తీరుగ.

ఆ పాత షీట్లల్ల నగిషీ తక్కువున్న చోట కూడ దర్పం ఎట్ల వస్తుంది? అదే పని గుడ్డ మీద చెయ్యాలంటే కొలతలు ఎట్ల పెట్టుకోవాలె? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పండి.

సూత్రందారం (కాజీపేట):

సమస్య నగిషీతో కాదు. కన్ను ఎక్కడ నిలబడింది, గీతలన్నీ ఎవరి దగ్గరికి పోయి ఆగుతున్నాయి, అక్కడుంది. ఆ కాలపు ప్యాలెస్ షీట్లలో రాజు బొమ్మ చాలాసార్లు ఉండనే ఉండదు. ఉన్నా రెండు మూడు మిల్లీమీటర్ల మనిషి. మన చేర్యాల నకాషీ పటంలో పెద్దవాణ్ని పెద్దగా, చిన్నవాణ్ని చిన్నగా గీస్తారు, చూడగానే ఎవరెవరో తెలిసిపోతుంది. బరోక్ ఎన్‌గ్రేవర్ మనుషులందరికీ ఒకే కొలత పెడతాడు, కానీ స్థలం మొత్తాన్ని ఒకే చోటికి తిప్పుతాడు. ఆ చోటు ఎవరిదో వాడే దొర.

మీ వెర్సాయ్ షీటును ఈ లెక్కన చూడండి. ముందు బయటి మైదానం, దాన్ని ప్లాస్ దార్మ్ అంటారు. మూడు పెద్ద బాటలు అక్కడికి వచ్చి కలుస్తాయి. అది దాటితే ఒక వాకిలి, తరువాత రాచవాకిలి, చివర పాలరాతి వాకిలి. లోపలికి పోయినకొద్దీ ఒకదాని కన్నా ఒకటి ఇరుకు. ఈ ఇరుకు ఎన్‌గ్రేవర్ కల్పన కాదు, కట్టడమే అట్ల ఉంది. పర్‌స్పెక్టివ్ (దూరం పోయినకొద్దీ చిన్నగా గీసే పద్ధతి) దాన్ని ఇంకా బిగిస్తుంది. రాచవాకిలి లోపలిదాకా బండి తోలుకుపోయే హక్కు కొద్దిమందికే ఉండేది. కాబట్టి ఇలాంటి షీట్లలో బండ్లు, గుర్రాలు ఎక్కడ ఆగాయో కూడా గమనించండి. ఖాళీ నింపడానికి గీసినట్టు కనిపించేవి కూడా ఎవరి హద్దు ఎంతవరకో చెబుతుంటాయి.

ఇక మీ గుడ్డ సంగతి. కంటి గీతను 7 అడుగుల నుంచి 5 అడుగుల 6 అంగుళాలకు దించండి. ఆ అంకె ఎట్ల వచ్చిందంటే: సింహాసనం కింది గద్దె 18 అంగుళాలు, ఆసనం 18, కూర్చున్న మనిషి కన్ను ఆసనం మీద సుమారు 30. మొత్తం 66 అంగుళాలు. వానిషింగ్ పాయింటును (లోపలికి పోయే గీతలన్నీ కలిసే చోటు) ఆ ఎత్తులో, సరిగ్గా నడిమధ్య పెట్టండి. నేల గీతలు, కార్నీసులు (గోడ పైఅంచు పట్టీలు), కప్పు దూలాలు అన్నీ రాజు మొహం దగ్గరికి చేరతాయి. గద్దె ఎత్తు మారితే ఇదంతా మారుతుంది, అందుకని గద్దె కొలత ఖాయమయ్యాకే గుడ్డ మీద దారం కొట్టండి.

ఒక చిక్కు ఉంది. హాల్లో కూర్చున్నవాళ్ల కన్ను స్టేజీ నేల మట్టానికి దగ్గరగా ఉంటుంది. సింహాసనం తెరకు 4 అడుగుల ముందుంటే, దానికి 40 అడుగుల దూరంలో కూర్చున్నవాడికి రాజు కళ్లు తెర మీద 66 దగ్గర కాదు, 72 దాటి కనిపిస్తాయి. వానిషింగ్ పాయింటు గడ్డం వెనకకు పడుతుంది, ఇబ్బంది లేదు. అదే సింహాసనాన్ని 10 అడుగులు ముందుకు లాగితే తేడా 16 అంగుళాలు దాటుతుంది, గీతలు ఛాతీ దగ్గర కలుస్తాయి. మొహానికి రావలసిన బలం పోతుంది. 4 అడుగులు మించనీయకండి.

తరువాత దూరం. చూసేవాడు తెరకు ఎంత దూరంలో ఉన్నాడని లెక్క వేస్తున్నారో ముందే తేల్చుకోవాలి. అది గుడ్డ వెడల్పు కన్నా తక్కువ ఉండొద్దు. మీకు 30 అడుగులు సరిపోతుంది. నేల మీద 3 అడుగుల చదరపు పలకలు అనుకుంటే, అడ్డగీతలు కింది అంచు నుంచి 6, 11, 15.2, 18.9, 22, 24.75, 27.2, 29.3 అంగుళాల ఎత్తులో వస్తాయి. ఎనిమిదో గీత మీద వెనుక గోడ నిలబెట్టండి. లెక్కలో దాని లోతు 24 అడుగులు. దూరం 8 అడుగులే అని గీస్తే మొదటి గీత 18 దగ్గర, రెండోది 28.3 దగ్గర పడుతుంది. ముందు పలకలు నిలువుగా సాగి, నేల ఏటవాలుగా లేచినట్టు కనిపిస్తుంది. మీరు చెప్పిన లక్షణం ఇదే. కంటి గీత ఎత్తు ఒక కారణం, దూరపు బిందువును (కంటి గీత మీద, చూసేవాడి దూరమంత పక్కకు పెట్టే గుర్తు) కాగితం లోపలే ఇరికించడం రెండో కారణం అయ్యుంటుంది.

30 అడుగుల బిందువు గుడ్డ బయట పడుతుంది కదా అంటారు. మూడోవంతు పద్ధతి వాడండి. వానిషింగ్ పాయింటుకు కుడివైపు, కంటి గీత మీదే 10 అడుగుల దగ్గర మేకు. గుడ్డ కింది అంచు మీద నడిమధ్య నుంచి ఎడమకు 1, 2, 3 అంటూ 8 అడుగుల దాకా గుర్తులు, ఒక్కో అడుగు మూడడుగుల లోతుకు లెక్క. మేకు నుంచి ఒక్కో గుర్తుకు దారం లాగితే, నడి నిలువు గీతను అది కోసిన చోట అడ్డగీత వస్తుంది. పైన ఇచ్చిన అంకెలతో సరిచూసుకోండి. అర అంగుళం తేడా వచ్చిందంటే మేకు జరిగింది, లేదా గుడ్డ వదులుగా ఉంది.

స్తంభాలు ఎప్పుడూ సరి సంఖ్య, వాటి మధ్య ఖాళీలు బేసి. ఐదు పెడితే నడి స్తంభం రాజు తల మీద నిలబడుతుంది, దారి మూసుకుపోతుంది. బరోక్ ముఖద్వారాల్లో ఈ నియమం తప్పిన ప్యాలెస్ దొరకడం కష్టం: నడిమధ్య ఎప్పుడూ తలుపో కమానో, స్తంభం కాదు. మీకు ఆరు స్తంభాలు, ఐదు ఖాళీలు. వెనుక గోడ గుడ్డ మీద 160 అంగుళాల వెడల్పు వస్తుంది. స్తంభం నడుమ నుంచి స్తంభం నడుమకు కొలిస్తే, మధ్య ఖాళీ 40 అంగుళాలు, అటు రెండు ఇటు రెండు 28 చొప్పున. ఆ 28 నాలుగూ ఒకే తీరుగా ఉండాలి. ఒకదానిలో కిటికీ, ఒకదానిలో పటం అని వైవిధ్యం చూపించబోతే క్రమం అక్కడే తెగుతుంది. పక్కవన్నీ తేడా లేకుండా వరుసలో నిలబడితేనే నడిమిది వేరని తెలుస్తుంది.

ఎత్తుకు ఇటలీ వాస్తుశిల్పి విన్యోలా లెక్క వాడండి, 1562లో అచ్చయినప్పటి నుంచి యూరోపు మేస్త్రీల చేతుల్లో నలిగిన లెక్క అది. మొత్తం ఎత్తును 19 భాగాలు చేస్తే పీఠానికి 4, స్తంభానికి 12, పైదూలం వరుసకు 3. మీ గోడకు 114 అంగుళాలు తీసుకుంటే పీఠం 24, స్తంభం 72, పైదూలం 18. కొరింథియన్ (పైన ఆకుల బోదె ఉండే గ్రీకు తీరు) స్తంభం ఎత్తు అడుగు వ్యాసానికి పది రెట్లు, అంటే వ్యాసం 7.2 అంగుళాలు. కింది దిమ్మె 3.6, పైన ఆకుల బోదె 8.4, మధ్య కాండం సరిగ్గా 60. కాండం కింది మూడోవంతు నిట్టనిలువుగా ఉంచి, అక్కడినుంచి సన్నబరుస్తూ పైకి 6 అంగుళాలకు తేవాలి. మొదటినుంచే సన్నబరిస్తే స్తంభం బరువు మోస్తున్నట్టు కనపడదు. ఈ గోడ గుడ్డ కింది అంచు నుంచి 29 అంగుళాల దగ్గర మొదలై 143 దగ్గర ఆగుతుంది, పైన 25 అంగుళాలు కప్పుకు మిగులుతాయి.

రాగిరేకు (హనుమకొండ):

కొలతలు పైన వచ్చేశాయి. "అన్ని దిక్కుల ఒక్క తీరుగ" అన్నారు చూడండి, మిగతా సగం సమస్య ఆ మాటలో ఉంది.

మనం ఎన్‌గ్రేవింగ్ అని పిలిచే ఈ పెద్ద ప్యాలెస్ దృశ్యాల్లో చాలావరకు ఎచింగులే, చివర ఉలితో బలం పట్టించినవి. రాగి రేకుకు మైనం, తారు, రెసిన్ కలిసిన పూత పూసి, పొగతో నల్లబరిచి, సూదితో పూత గీకుతారు. గీకిన చోట ఆమ్లం రాగిని తింటుంది. అబ్రహామ్ బోస్ 1645లో ఈ పనంతా ఒక చేతిపుస్తకంగా అచ్చువేశాడు. అంతకుముందే జాక్ కాలో అనే ఫ్రెంచ్ ఎచింగ్ కళాకారుడు గట్టి వార్నిష్ పూత వాడి, ఏటవాలుగా అరగదీసిన సూదితో, ఉలి గీతంత శుభ్రమైన గీత తెచ్చాడు. ప్యాలెస్ బొమ్మకు అది చాలా అవసరం. చెయ్యి వణికినట్టు కనపడే గీతతో చెట్టు గీయొచ్చు, ముప్పై కిటికీల వరుస గీయలేం.

దర్పం వచ్చేది మాత్రం ఆమ్లం తినే వరుసతో. రేకు మొత్తాన్ని ఒకేసారి తినిపించరు. కొంచెం తిన్నాక బయటికి తీసి, దూరాన ఉన్న భాగాలను వార్నిష్‌తో మూసేస్తారు. మళ్లీ ముంచి, ఈసారి మధ్య భాగాన్ని మూస్తారు. ముందున్నవి చివరిదాకా తింటాయి. ఫెర్రిక్ క్లోరైడ్‌లో రాగి రేకు చేసేవాళ్లు దూరపు గీతలకు 5 నుంచి 8 నిమిషాలు, మధ్యవాటికి 15 నుంచి 20, ముందువాటికి 40 నిమిషాల పైన అనుకొని మొదలుపెట్టి, చిన్న ముక్క మీద పరీక్షించుకోవాలి. ద్రావణం చల్లగా ఉన్నా పాతదైనా సమయం పెరుగుతుంది. గీతకూ గీతకూ మధ్య ఎడం గీత మందం కన్నా తక్కువైతే నడుమ రాగి కరిగిపోయి రెండూ కలిసి వెడల్పు గుంట అవుతాయి. అందులో సిరా నిలవదు. నల్లగా రావలసిన చోట బూడిద మచ్చ పడుతుంది.

ఈ వరుస వల్ల నల్లనిది ముందుంటుంది: నీడలో ఉన్న స్తంభం, చెట్టు, బయట నిలబడ్డ జనం. ప్యాలెస్ మాత్రం మధ్యలో, వెలుగులో, సన్న గీతల్లో. షీటు మొత్తంలో గట్టి నలుపు రాజభవనానిది కాదు, దాని బయట ఉన్నవాళ్లది. మీ దగ్గరున్న ప్రింటును కళ్లు సగం మూసి చూస్తే ఇది తేలిగ్గా కనపడుతుంది.

గుడ్డ మీద ఇదే పని మూడు మందాలతో చేయండి. ముందు వరుసకు అర అంగుళం గీత, మధ్యకు పావు, వెనుక గోడకు అర పావు. గీతల మధ్య ఎడం మందానికి రెట్టింపు. అంతకన్నా సన్నగీత 20 అడుగుల నుంచి కనపడదు, దగ్గర దగ్గరగా వేస్తే మురికి పట్టినట్టు ఉంటుంది. ముందు వాటికి ముదురు గోధుమ, వెనుకవాటికి బూడిద కలిసిన నీలం. పూర్తి నలుపు ఎక్కడా వద్దు, లైట్ల కింద అది గుడ్డకు పడ్డ చిరుగులా తేలుతుంది. సరేసు, సుద్ద కలిపి పొడిరంగులతో చేస్తే తడిలో కనిపించే రంగు ఆరాక బాగా లేతబడుతుంది, కాబట్టి ఒక పేలిక మీద ముందే ఆరబెట్టి చూసుకోండి.

స్తంభం గుండ్రంగా కనపడాలంటే దాని మీద అడ్డగీతలు వంపుగా వేయాలి. కంటి గీతకు పైనున్నవి నడుమ పైకి ఉబ్బాలి, కిందున్నవి నడుమ కిందికి ఉబ్బాలి, కంటి గీత దగ్గర వంపు లేని తిన్నని అడ్డగీత. గీత నుంచి ఎంత దూరం పోతే వంపు అంత ఎక్కువ. పైనా కిందా ఒకే వంపు వేస్తే ఎంత కొలత పెట్టి గీసినా స్తంభం అట్టముక్కలా మడిచినట్టే ఉంటుంది.

నీడ ఎడమ పైనుంచి 45 డిగ్రీల వెలుగుతో వేయడం ఆ కాలపు కట్టడం బొమ్మల వాడుక. ఆ కోణంలో ఒక గోడ ఎంత ముందుకు వచ్చిందో పక్క గోడ మీద దాని నీడ అంతే వెడల్పు పడుతుంది. నడి భాగం అడుగు ముందుకు ఉందని చెప్పాలంటే కుడిపక్కన అడుగు వెడల్పు నీడ చాలు, ఇంకే నగిషీ అక్కర్లేదు.

దీపాల గుత్తి (కరీంనగర్):

చిన్న సందేహం. వెర్సాయ్ బొమ్మల్లో గీతలన్నీ రాజు పడకగదికే పోతాయని చాలాచోట్ల చదివాను. పెరెల్ షీటుకు కూడా అది వర్తిస్తుందా?

నాలుగు తోరణాలు (వరంగల్):

వర్తించదండీ. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ 1682లో ఆస్థానాన్ని వెర్సాయ్‌కి మార్చాడు కానీ, పాలరాతి వాకిలికి ఎదురుగా నడిమధ్య గదిని పడకగది చేసుకున్నది 1701లో. ఆడమ్ పెరెల్ 1695లోనే చనిపోయాడు. అలాంటి షీట్లే గీసిన ఇజ్రాయెల్ సిల్వెస్త్ర్ 1691లో. వాళ్లు గీసినప్పుడు ఆ నడిమధ్య రాజు మంచం లేదు. ముందు మధ్యగీత కుదిరింది, తరువాత రాజు వచ్చి దాని మీద పడుకున్నాడు. ఇలా చూస్తే బొమ్మలో ఉన్నది ఒక మనిషి దర్పం కన్నా ఒక స్థానం దర్పం అని తెలుస్తుంది. నాటకానికి ఇది పనికొచ్చే మాట: సింహాసనం ఖాళీగా ఉన్న రంగంలో కూడా తెర అదే బలంతో నిలబడాలి.

సూత్రందారం గారితో ఒకచోట నాకు వేరే అభిప్రాయం ఉంది. ఎదురుగా నిలబడి చూసే దృశ్యమే ఈ షీట్లలో ముఖ్యమని అనిపించేలా రాశారు. పక్షి చూపుతో గీసినవి వేరే సంగతి చెబుతాయి, అవీ తక్కువేం కాదు. ఇంగ్లండులో నిఫ్, కిప్ కలిసి 1707లో తెచ్చిన దొరల బంగళాల దృశ్యాలు చూడండి. కంటి గీత ఆకాశంలోకి లేస్తుంది. ఇల్లు నడుమ చిన్నదైపోతుంది, చెట్ల బాటలు మాత్రం ఇంటి నుంచి బయల్దేరి పొలాలు దాటి షీటు అంచుదాకా పోతాయి. అక్కడ చెప్పేది "లోపలికి రా, తల వంచు" అని కాదు, "కనిపించినంత మేర నాదే" అని. తోటల రూపకర్త లె నోత్ర్ తవ్వించిన వెర్సాయ్ పెద్ద కాలువ సుమారు 1,670 మీటర్లు. నేల మీద నిలబడితే అది మెరిసే చీలికలా కనపడుతుంది. పైనుంచి గీస్తేనే దాని శిలువ ఆకారం, దాని ఏలుబడి అర్థమవుతాయి.

ఈ షీట్లను ఉన్నదున్నట్టు నమ్మొద్దు కూడా. మంత్రి కోల్బేర్ చేతి మీదుగా ఫ్రాన్స్ రాజు ప్యాలెస్‌లు, ఉత్సవాలు, విజయాలు ఎన్‌గ్రేవ్ చేయించి, ఆ సంపుటాలను రాయబారులకు, ఇతర రాజులకు కానుకగా పంపేవారు. అడుగుపెట్టని వాళ్లకు కూడా వెర్సాయ్ ఆ కాగితం మీదే చేరింది. కట్టనివి కూడా కట్టినంత ధీమాగా గీశారు. వాస్తుశిల్పి ఫిషర్ ఫొన్ ఎర్లాఖ్ వియన్నాలో షేన్‌బ్రున్ మహలును ముందు గుట్ట మీద ఊహించాడు. కట్టింది మాత్రం గుట్ట కింద, చిన్నగా. అయినా 1721లో తెచ్చిన పుస్తకంలో గుట్ట మీది మహలు షీటు దర్జాగా ఉంది. పాల్ డెకర్ 1711లో అచ్చువేసిన రాజమహలు ఎక్కడా లేనేలేదు. నేపుల్స్ రాజు కోసం వన్విటెల్లీ 1756లో అచ్చువేసిన కాసెర్తా మహలు దృశ్యాల్లో మూలల బురుజులు, నడుమ గుమ్మటం ఉంటాయి. అవి ఇప్పటికీ లేవు. తెరకు నమూనాగా ఈ ఊహామహళ్లే మీకు ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే వాటిలో వంటశాల పొగ గొట్టాల లాంటివి అడ్డురావు.

మన దగ్గరి పోలిక ఒకటి చెప్పాలి. వరంగల్ రాతికోట తూర్పు, పడమర ద్వారాల దగ్గర దారి నేరుగా లోపలికి పోదు, మలుపులు తిరుగుతుంది. దూసుకొచ్చే సైన్యం అక్కడ తడబడాలి. నడుమ ఆలయ ప్రాంగణానికి మాత్రం నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు, ఒకదానికొకటి ఎదురుగా. కాకతీయుల రాజధానిలో వంకర రక్షణది, తిన్ననిది దేవుడిది. వెర్సాయ్‌లో వంకర అసలు కనపడదు, ముందు ఉన్నది ఇనుప జాలీ గేటే. రక్షణ లేక కాదు. రాజు కోటల ఇంజనీరు వోబాన్ కట్టిన నక్షత్రపు ఆకారం కోటలన్నీ దేశం సరిహద్దుకు వెళ్లిపోయాయి, అందుకే ప్యాలెస్ ముందు నేల అంత తెరిచి ఉంచగలిగారు. ఆ నక్షత్రపు కోటల పద్ధతి ఎట్ల ఉంటుందో చూడాలనుకుంటే 18వ శతాబ్దపు జగిత్యాల ఖిల్లా మనకు దగ్గరే ఉంది.

రంగుల డబ్బా గారూ, కొరింథియన్ బదులు కాకతీయ స్తంభాలు పెడదామని మీకు తోచవచ్చు. పెట్టండి, కానీ పది వ్యాసాల లెక్క దాని మీద రుద్దకండి. వేయిస్తంభాల గుడి స్తంభం చదరపు దిమ్మెలు, గుండ్రటి పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. పైకి సన్నబడే కాండం కాదు అది. లాగి పొడుగు చేస్తే దాని అందం పోతుంది. పీఠం తగ్గించి, స్తంభం లావు పెంచి, ఆరు స్తంభాలు ఐదు ఖాళీల వరుసను మాత్రం అట్లాగే ఉంచండి. నడి ఖాళీలో కీర్తి తోరణం ఆకారం, రెండు కొసలా హంసలతో, సింహాసనం వెనకకు చక్కగా కుదురుతుంది.

రంగుల డబ్బా (హనుమకొండ):

అందరికీ శానా థాంక్స్. గద్దె 18 అంగుళాలకే ఖాయం చేసినం. ఇంక మూడు సంగతులు తేల్చుకోవాలె. బిబియెనా తీరు మూల దృశ్యం ఎందుకు వద్దు? ముందు వరుస స్తంభాలు ఎంత ఎత్తు ఉండాలె? వెనుక గోడ కాడ భటులను గీయాలని ఉంది, వాళ్ల ఎత్తు ఎట్ల?

సూత్రందారం (కాజీపేట):

మూల దృశ్యం మీద జుజెప్పె తండ్రి ఫెర్డినాండో గల్లి బిబియెనా 1711లోనే పుస్తకం రాశాడు. ఆ తీరు దృశ్యంలో మధ్యగీత ఉండదు, భవనం మూల మన వైపు తిరిగి, గోడలు రెండు దిక్కులకు పోతాయి. అంతకుముందు ఆస్థాన నాటకశాలల్లో ఎదురు దృశ్యం సరిగ్గా కనపడేది దొర కూర్చున్న ఒక్క చోటి నుంచే, పక్కవాళ్లకు వంకర. మూల దృశ్యంలో ఎవరు ఎక్కడ కూర్చున్నా దాదాపు ఒకటే. భవనం స్టేజీ దాటి అంతులేకుండా పోయినట్టు ఉంటుంది. చెరసాలకు, పాడుబడ్డ కోటకు, రాత్రి వీధికి అద్భుతం. దర్బారుకు మాత్రం నడిమధ్య పోతుంది, సింహాసనాన్ని ఎక్కడ పెట్టినా అతిథి కుర్చీ అవుతుంది. పైగా 45 డిగ్రీల మూలకు రెండు వానిషింగ్ పాయింట్లూ నడిమధ్య నుంచి అటు 30 ఇటు 30 అడుగులు పోతాయి. దారం కట్టడానికే 60 అడుగుల నేల కావాలి.

ముందు వరుసకు కొత్త లెక్క అక్కర్లేదు. 24 అడుగుల లోతులో ఉన్నది 1.8 రెట్లు పెంచితే ముందంచుకు వస్తుంది. పీఠం 43 అంగుళాలు, వ్యాసం 13, స్తంభం సుమారు 130. పీఠం, స్తంభం కలిపితే 173. మీ గుడ్డ 168. బోదె పైభాగం గుడ్డ దాటిపోతుంది, ఝాలరు వేలాడదీస్తే బోదె మొత్తం దాగుతుంది. దాన్ని లోపలికి సరిపెట్టబోకండి. పైకొస కనపడని స్తంభం ఎత్తును ఎవరూ కొలవలేరు, ఆ షీట్లలో ముందు స్తంభాన్ని అంచు దగ్గర కోసేది అందుకే. అటొకటి ఇటొకటి చాలు, రెండూ నీడలో.

భటులు వెనుక గోడ దగ్గర పాదం నుంచి కన్నుదాకా 36.7 అంగుళాలు, అంటే పాదం 29.3 దగ్గర, కన్ను 66 దగ్గర. కంటి గీత నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో ఉన్నప్పుడు దగ్గరవాడైనా దూరంవాడైనా అందరి కళ్లూ ఒకే గీత మీదుంటాయి, పాదాలు మాత్రమే మారతాయి. ఒకరి తల పైకి, ఒకరిది కిందికి పోయిందంటే వాడు నేల మీద లేడు. నడి ఖాళీని వదిలేసి, మిగతా నాలుగు ఖాళీల్లో ఒక్కొక్కరు చొప్పున నిలబెట్టండి. అందరికీ ఒకే నిలుపు, ఒకే బల్లెం కోణం. నటులను తెరకు 4 అడుగుల కన్నా దగ్గరికి రానివ్వకండి, లేకపోతే ఈ మూడడుగుల భటుల పక్కన వాళ్లు రాక్షసుల్లా నిలబడి లోతంతా చెడగొడతారు.

రాగిరేకు (హనుమకొండ):

ఒకటి చేర్చాలి. నీడలు ఎడమ పైనుంచి గీశాక, స్టేజీ లైట్లలో బలమైనది కూడా ప్రేక్షకుల ఎడమ చేతి నుంచే రావాలి. కుడి లైటు బలంగా వేస్తే సింహాసనం నీడ ఒక దిక్కు, గీసిన స్తంభాల నీడ ఇంకో దిక్కు పడతాయి. కింది నుంచి కొట్టే ఫుట్‌లైట్లు తెర దాకా రాకుండా అట్ట అడ్డం పెట్టండి, వాటి వెలుగు గుడ్డలోని ప్రతి ముడతనూ పైకి తేలుస్తుంది. తెల్ల ఎల్‌ఈడీ కింద గోధుమ రంగు చచ్చిపోతుంది, నీలం ముందుకు వస్తుంది, వెనుక గోడ దగ్గరికి జరిగినట్టు ఉంటుంది. పసుపు జెల్ కాగితం వేసి, ముందు స్తంభాలూ వెనుక గోడా వేరువేరుగా నిలబడ్డాయో లేదో హాలు చివరి వరుస నుంచి చూడండి. కలిసిపోతే వెనుక నీలంలో సుద్ద పెంచండి, ముందు గోధుమను మాత్రం ముట్టుకోకండి.